ఎనిమిది ఖాళీలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో చిన్నప్పుడే తేల్చేశారు. అలాంటి దానికి మైక్రోప్రాసెసర్ పాఠం చెప్పే ఉద్యోగం వచ్చింది. అదీ కొత్తగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో లైన్‌మన్‌కి కూడా తెలియని ఊళ్ళో. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

ఎనభైల చివరి మాట ఇది. ఊరి చివర నాలుగు పెంకుల షెడ్లలో నడిచే చిన్న పాలిటెక్నిక్ మాది. ల్యాబ్‌లో ఉన్నది ఒకే ఒక్క కిట్. దాన్ని కంప్యూటర్ అంటే కంప్యూటర్లు నొచ్చుకుంటాయి. అన్నం తినే కంచమంత ఆకుపచ్చ బోర్డు, దాని మీద పాతిక పైచిలుకు బటన్లు, ఎర్రగా వెలిగే ఆరు అంకెలు. తెర లేదు, అక్షరాలు కొట్టే కీబోర్డు లేదు. ప్రోగ్రామ్ అంటే కాగితం మీద రాసుకున్న అంకెల జతలు, అంతే. 3E అంటే పక్కనున్న అంకె తీసుకో అని. 32 అంటే ఫలానా చోట పెట్టు అని. C3 అంటే ఫలానా చోటికి పో అని. ఆ ఫలానా చోటు నంబరు మనమే వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఇవ్వాలి. అది కూడా తిరగేసి ఇవ్వాలి, వెనక జత ముందు, ముందు జత వెనక. ఎవడు కనిపెట్టాడో గానీ, వాడు ఎదురైతే అడగాలని చాలా రోజులు అనుకున్నాను.

ఇందులో అసలు నరకం ఇంకొకటి ఉంది. వెయ్యి జతలు రాసుకున్నాక మధ్యలో ఒక్కటి మర్చిపోయామని తెలిసిందనుకోండి. దాన్ని ఇరికిస్తే అక్కణ్ణుంచి కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు దిగిపోతాయి. వాటి దగ్గరికి పొమ్మని పైన రాసిన నంబర్లన్నీ తప్పయిపోతాయి. మళ్ళీ మొదటి పేజీ నుంచి రబ్బరు పెట్టి చెరిపి రాసుకోవాలి. రెండుసార్లు ఆ శిక్ష అనుభవించాక బుద్ధొచ్చి, ప్రోగ్రామ్‌లో ముక్క ముక్కకీ చివర ఎనిమిది ఖాళీలు వదలడం మొదలుపెట్టాను. ఖాళీ అంటే 00. ఏమీ చేయకు, ముందుకు నడువు అని దాని అర్థం. రేపు ఏదైనా గుర్తొస్తే ఆ ఖాళీల్లో పెట్టుకోవచ్చు, మిగిలినవి కదలవు.

ఈ జతలన్నీ కిట్‌లోకి ఎక్కించేది మా ల్యాబ్ అటెండర్. మణుగూరు వైపు అడవిలోని కోయ గూడెం మనిషి. నలభై దాటినవాడు, నాకు ఇరవై ఆరు. అయినా నేను నువ్వు అనేదాన్ని, ఆయన మేడం, మీరు అనేవాడు. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదు. చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు అక్షరాల్లో A నుంచి F వరకు మాత్రం గుర్తుపట్టేవాడు, ఎందుకంటే బటన్ల మీద ఉన్నవి అవే. నేను చదువుతుంటే ఆయన నొక్కేవాడు. ముందు నాలుగు రోజులు తడబడ్డాడు. ఆర్నెల్లకు నేను చదవడం ఆలస్యమయ్యేది, ఆయన వేలు నా నోటి కంటే ముందే పోయేది.

ఆయనది పర్మినెంటు ఉద్యోగం కాదు. రోజు కూలీల హాజరు పట్టీ, అంటే మస్టర్ మీద పేరు. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితేనే ఆ పేరు మరో ఏడాది ఉంటుంది. ప్రతిసారీ ప్రిన్సిపాల్ గారు అడిగే ప్రశ్న ఒకటే: ఈ మనిషి అవసరమా? ప్రతిసారీ నా జవాబూ ఒకటే: కిట్‌కి కరెంటు పోతే అన్నీ మర్చిపోతుంది సార్, మళ్ళీ ఎక్కించడానికి మనిషి ఉండాలి. కరెంటు రోజుకి రెండుసార్లు పోయేది కాబట్టి ఆయన కొలువు నిలబడింది. ఇంటి దగ్గర ఎకరంన్నర పోడు భూమి, ముగ్గురు ఆడపిల్లలు, దగ్గుతో మంచం పట్టిన తల్లి. ఆ కూలి డబ్బులతోనే మందులు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సున్నాల గురించి ఆయన మొదటి రోజే అడిగాడు.

"మేడం, ఈ సున్నాలు గిట్ల ఉత్తగనే ఎనిమిది ఎందుకు ఒత్తాలె?"

"నీకెందుకు, చెప్పింది ఒత్తు," అన్నాను. కరెంటు పోయే లోపల అయిపోవాలని నా ఆత్రం.

నెల తర్వాత మళ్ళీ అడిగాడు. ఈసారి నేను నవ్వి, "నాకు పని లేక," అన్నాను. ఆయనా నవ్వాడు. మూడోసారి అడిగినప్పుడు నేను జవాబే చెప్పలేదు. ఆ తర్వాత అడగడం మానేశాడు.

నా బాధ వేరే ఉండేది. నలభై మంది విద్యార్థులు, ఒక్క కిట్. మూడు గంటల ప్రాక్టికల్‌లో రెండున్నర గంటలు ఒకరి తర్వాత ఒకరు జతలు నొక్కడానికే సరి. నాలుగు బల్బులు వెలిగించి ఆర్పడానికి తొంభై జతలు. ఒక్కటి తప్పు పడితే బల్బులు వెలగవు, ఏది తప్పో తెలియదు, గంట కొడతారు, వెళ్ళిపోతారు. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఇలా కాదు, మన మాటల్ని ఈ జతలుగా మార్చే కంపైలర్ ఒకటి నేనే రాస్తానని ఒక రోజు పళ్ళు నూరుతూ అనేసుకున్నాను.

పెద్ద చదువుల వాళ్ళు దాన్ని కంపైలర్ అంటే నవ్వుతారేమో. నవ్వనీ. నా భాషలో ఏడే మాటలు: వెలిగించు, ఆర్పు, ఆగు, మళ్ళీ, అయితే, కాకపోతే, చాలు. మాటకొక బటన్. విద్యార్థి ఆ ఏడు బటన్లతో తనకేం కావాలో చెప్తాడు. నా ప్రోగ్రామ్ దాన్ని చదివి తొంభై జతలూ తానే రాస్తుంది, పొమ్మనే చోట్లు తానే లెక్కపెడుతుంది.

ఆ లెక్క దగ్గరే ఆరు నెలలు పోయాయి. "కాకపోతే ఫలానా చోటికి పో" అన్నప్పుడు ఆ ఫలానా చోటు ఇంకా పుట్టి ఉండదు. పుట్టని చోటుకి నంబరు ఎక్కణ్ణుంచి తెస్తాం? పుస్తకంలో జవాబు ఉంది గానీ నాకు అర్థమైంది ముదిగొండలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి బంతిలో. ముందు ఒకాయన విస్తర్లు వేసుకుంటూ చివరిదాకా పోయాడు, వెనక వడ్డించేవాళ్ళు వచ్చారు. ఎవరెక్కడ కూర్చున్నారో మొదటి ఆయనకి తెలిసిపోయింది కాబట్టి పులుసు గిన్నె తడుముకోలేదు. మొదటిసారి చదివి చోట్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి, రెండోసారి చదివి జతలు రాయాలి. అంతే సంగతి. పప్పన్నం సగంలో వదిలేసి లేచి కాగితం కోసం వెతుక్కున్నానని మా వాళ్ళు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

రాయడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. మొత్తం పధ్నాలుగు వందల జతలు. పరీక్షిస్తుంటే కరెంటు పోతుంది. వచ్చాక ఆయన మొదటి నుంచీ నొక్కుతాడు, గంటంబావు. నేను తప్పు పట్టుకుని ఒక ఖాళీలో రెండు జతలు ఇరికిస్తాను. మళ్ళీ కరెంటు పోతుంది. నోటుబుక్కులో పాత జతలే ఉంటాయి, కొత్తగా ఇరికించినవి రాసుకోవడానికి నాకు ఓపిక ఉండదు. "నిన్న ఇక్కడ ఏం పెట్టినం?" అంటే ఆయన చెప్పేవాడు. ప్రతి దిద్దుబాటూ ఆయన వేళ్ళల్లో ఉండేది. రాసుకోకుండా దిద్దితే సున్నా మార్కులు వేస్తానని విద్యార్థులను బెదిరించే నేను, నా దిద్దుబాట్లన్నీ ఇంకొకరి బుర్రలో దాచుకుని నిశ్చింతగా ఉన్నాను.

మార్చిలో అది దాదాపు నడిచింది. ఆ సంబరంలో ప్రిన్సిపాల్ గారి గదికి పరుగెత్తుకుపోయి నా నోటితో నేనే అన్నాను: "సార్, ఇంక బటన్లు ఒత్తడానికి మనిషి అవసరమే లేదు. చిప్‌లో ఎక్కించేస్తే కరెంటు పోయినా పోదు."

ఆయన కళ్ళజోడు పైకి జరిపి, "అయితే జూన్‌లో మస్టర్‌లో ఒక పేరు తగ్గుతుందన్నమాట, మంచిదే," అన్నారు.

గుమ్మం బయట చాయ్ గ్లాసులు పట్టుకుని మా అటెండర్ నిలబడి ఉన్నాడు. విన్నాడు. లోపలికి వచ్చి గ్లాసులు బల్ల మీద పెట్టి పోయాడు. నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్న మాట నిజమే. సర్దిచెప్పాలనుకున్నాను. కానీ ఆ రోజు కాకపోతే రేపు అనుకున్నాను, రేపు ఇంకో తప్పు బయటపడింది, దాని వెంట పడ్డాను.

ఆ తప్పు ఏమిటంటే, 'మళ్ళీ' అనే మాట లోపల ఇంకో 'మళ్ళీ' పెడితే కిట్ ఆగేది కాదు. బల్బు మూడుసార్లు ఆరి వెలగాలి, అలాంటివి అయిదు విడతలు జరగాలి అంటే, లోపలి లెక్క మొదలవగానే బయటి లెక్క చెరిగిపోయేది. బల్బులు పిచ్చెక్కినట్టు వెలుగుతూనే ఉండేవి. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా. ఏప్రిల్ అంతా దాంతోనే పోయింది. మే నెల రాగానే అటెండర్ సెలవడిగాడు. బీడీలు చుట్టే తునికాకు సీజన్. ఆ పక్షం రోజులూ గూడెంలో చంటిబిడ్డ తల్లితో సహా అందరూ అడవిలోనే ఉంటారు. ఆకు కోసి, యాభై యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. విసుక్కుంటూనే పొమ్మన్నాను.

ఆయన పోయే ముందు అప్పటికి దిద్దిందంతా ఒక చిప్‌లో ఎక్కించి ఉంచుకున్నాను, కరెంటు పోయినప్పుడల్లా దాన్నే కిట్‌లోకి దించుకునేదాన్ని. ఆయన పోయిన నాలుగో రోజు తప్పు దొరికింది. లోపలి మళ్ళీలోకి పోయే ముందు బయటి లెక్కను పక్కన దాచాలి, బయటికి వచ్చాక తిరిగి తీసుకోవాలి. ఒక ముక్క చివరి ఖాళీల్లో అయిదు జతలు, అంతే. చెమటలు కారుతుంటే కిట్ మీద నేనే నొక్కాను. బల్బులు లెక్కగా వెలిగి, లెక్కగా ఆరి, ఆగిపోయాయి. ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. కరెంటు పోయే లోపలే దాన్ని చిప్‌లోకి ఎక్కించాను. చిప్ మీద తెల్ల స్టిక్కర్ అంటించి, ఫైనల్ అని రాసి, తేదీ వేసి ఇంటికి పోయాను. నోటుబుక్కు ల్యాబ్‌లోనే మూసి ఉంది.

ఆ చిప్పులకు నడుమ చిన్న గాజు కిటికీ ఉంటుంది. రాసింది చెరపాలంటే దాని మీద ఒక రకం దీపం వెలుగు పడాలి. మాకా దీపం లేదు. కానీ నేరుగా ఎండలో వారం పెట్టినా చెరిగిపోతుందని చిప్‌తో వచ్చిన కాగితంలో ఉంది. మే నెలలో మా వైపు ఎండకి కొదవ ఏముంది. చెరగకూడదంటే ఆ కిటికీ మీద స్టిక్కర్ అంటించి ఉంచాలి. నా దగ్గర మొత్తం నాలుగు చిప్పులు. మూడింట్లో పాత తప్పుల తడకలు, ఒకదాంట్లో ఫైనల్. ముందు ఆ మూడూ చెరిపి, వాటిలోకి నకళ్ళు తీసి పెట్టుకుందామని నా ఆలోచన. కాలేజీ బీరువాకి తాళం సరిగా పడదని ఫైనల్ చిప్ నా గదిలో, కిటికీ గూట్లో అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. అంత జాగ్రత్త మనిషిని.

మా ఇంటి ఓనరమ్మది తల్లాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. కొడుకు వ్యాపారానికని ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. పై గది నాకు కిరాయికి ఇచ్చి, కూరా నారా కూడా ఇచ్చే మనిషి. ఆవకాయ కారం కోసం డాబా నిండా మిరపకాయలు ఆరబోసి ఉంది. హైదరాబాద్‌లో పది రోజుల ట్రైనింగుకి పోతూ ఆ మిరపకాయల పక్కన పళ్ళెంలో మూడు చిప్పులు పేర్చాను.

"ఇవేంది బిడ్డా, చిమ్మెటల లెక్కున్నయ్?"

"చిప్పులు అత్తయ్యా. ఎండల పెట్టాలె. ఈ గాజు మీద ఎండ బాగ పడాలె, కాయితం గిట్ల అడ్డం ఉండొద్దు," అని చెప్పాను. నేనే చెప్పాను.

పది రోజుల తర్వాత వచ్చేసరికి పళ్ళెంలో నాలుగు చిప్పులున్నాయి.

ఓనరమ్మ మెట్ల మీదే ఎదురొచ్చి సంతోషంగా చెప్పింది. "నువ్వు పోయిన తెల్లారే గది ఊడుద్దామని తాళం తీస్తే ఒకటి కిటికీల అగ్గిపెట్టెల మర్చిపోయింది కనపడ్డది. అయ్యో, మూడు ఎండుతున్నయ్, ఒకటి ఎండకపోతే ఎట్ల అని దాన్ని గూడ పెట్టిన. దాని మీద కాయితం అంటుకొని ఉంటె గోరుతోటి గీకి తీసిన. మిరపకాయలోలె పొద్దున పెట్టి పొద్దుగూకి తెచ్చిన, ఒక్క నాడు మరువలే."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. పెద్దావిడని అనరాని మాటలన్నాను. ఆమె కారం ఘాటుకి ముక్కు మీద పెట్టుకున్న కొంగును అలాగే పట్టుకుని, "నాకేం ఎరుక బిడ్డా," అని కిందికి దిగిపోయింది. ఆ పూట కూర రాలేదు.

నాలుగు చిప్పులూ కిట్‌లో పెట్టి చూశాను. అన్నింట్లోనూ FF, FF, FF. చెరిగిపోయిన చిప్ అలాగే కనబడుతుంది. రెండేళ్ళ పని మిరపకాయలతో పాటు ఎండిపోయింది. నోటుబుక్కు తీస్తే అందులో ఉన్నది మొదటిసారి రాసిన, ముప్పై చోట్ల తప్పులున్న పాత ప్రోగ్రామ్. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

మర్నాడు అటెండర్ సెలవు ముగించుకుని వచ్చాడు. ఆకు జిగురుకి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. సంగతి విని, "నోటుబుక్కు తీయున్రి మేడం," అన్నాడు. కుర్చీ లాక్కుని కిట్ ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను పాత జతలు చదువుతుంటే దిద్దుబాటు ఉన్న చోట వేలు ఆపేవాడు. "ఈడ గది కాదు. CA తీసి C2 పెట్టినం. దీని తర్వాత ఖాళీల మూడు పెట్టినం, 21, 00, 24." నేను ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. రెండు రోజులు పట్టింది. ముప్పై చోట్లు. ఒక్కదాని అర్థమూ తెలియకుండా ముప్పై చోట్లూ చెప్పాడు. అది పూర్తయితే తన పేరు మస్టర్‌లో ఉండదని తెలిసి కూడా చెప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం నడిపి చూశాం. ఒక మళ్ళీ సరిగ్గా వచ్చింది. మళ్ళీలో మళ్ళీ పెట్టాను. బల్బులు ఆగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది నేను సరిచేశాను. ఆగడం నా కళ్ళతో చూశాను. ఫలానా ఖాళీల్లో పెట్టానని కూడా గుర్తే. అందులో ఏ జతలు ఏ వరసలో పెట్టానో మాత్రం తట్టట్లేదు. నింపాదిగా కూర్చుంటే మళ్ళీ దొరికేదే. కానీ నాకు కావలసింది అప్పుడు జతలు కాదు, తప్పు నాది కాదని తేలడం.

"ఈడ ఏదో ఉండాలె. చెప్పు," అన్నాను.

"ఈడ ఖాళీయే మేడం. ఎనిమిది సున్నాలు."

"కాదు. సరిగ్గ గుర్తు చేసుకో."

"ఎన్నిసార్లు ఒత్తిన మేడం నేను. ఈడ ఉత్త సున్నాలే."

"ముప్పై చోట్లు గుర్తుండి ఇదొక్కటే ఎట్ల మరిచిపోతవ్? జూన్‌ల పని పోతదని దాస్తున్నవ్ గదా?"

అనేశాను. ఆయన వేళ్ళు బటన్ల మీద నుంచి వెనక్కి వచ్చాయి. తర్వాత జేబులోంచి ల్యాబ్ తాళంచెవి తీసి నోటుబుక్కు మీద పెట్టాడు.

"ఆ మాట అనొద్దుండె మేడం," అన్నాడు. చెప్పులు వేసుకుని ఎండలో పడి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. దొంగ కాబట్టే రావట్లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇద్దరు మనుషుల మీద తప్పు రుద్ది నేను మాత్రం శుభ్రంగా ఉన్నాను.

మూడో రోజు పొద్దున జడ వేసుకుందామని అద్దం ముందు నిలబడితే, అద్దం మూల బొట్టుబిళ్ళల పక్కన తెల్లటి స్టిక్కర్ అంటించి ఉంది. గోరుతో గీకడంలో ఒక అంచు చిరిగింది. ఓనరమ్మ పారేయడానికి మనసొప్పక అక్కడ అంటించి ఉంటుంది. ఫైనల్ అని నా చేతిరాత, కింద తేదీ. మే మొదటి వారం. ఆ రోజు ఆయన అడవిలో ఆకు కోస్తున్నాడు. ఆ అయిదు జతలూ నొక్కింది నేను. ఆయన నొక్కినన్ని రోజులూ అక్కడ ఉన్నవి నిజంగా సున్నాలే. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ముందు కిందికి దిగి ఓనరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఒక్క మాట అననీయకుండా ఉప్మా పళ్ళెం చేతిలో పెట్టింది. తర్వాత ల్యాబ్‌కి పోయి నింపాదిగా కూర్చున్నాను. అరగంటలో అయిదు జతలూ దొరికాయి. బల్బులు ఆగాయి. ఈసారి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఎర్ర పెన్నుతో నోటుబుక్కులో రాసి, మణుగూరు బస్సెక్కాను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఆ కంపైలర్ బతికింది ఎనిమిది నెలలు. ఆ ఏడు చివరికల్లా కాలేజీకి రెండు కంప్యూటర్లు వచ్చాయి, తెరలతో, కీబోర్డులతో. వాటితో పాటు వచ్చిన ఫ్లాపీలో నా ప్రోగ్రామ్ చేసే పనికి వంద రెట్లు చేసేది ఉంది. నా చిప్ కిట్‌తో సహా బీరువాలోకి పోయింది. ఎవరూ అడగలేదు. ఒక మనిషి కొలువు పోగొట్టడానికి మాత్రం ఆ ఎనిమిది నెలల ఆయుష్షు సరిపోయింది.

బస్సు దిగి మూడు మైళ్ళు నడిచాను. గూడెం బయట చదునుచేసిన నేల మీద కల్లం. ఎండకి కళ్ళు తెరవలేం. నేల పొడవునా ఆకుకట్టలు బార్లు తీరి ఉన్నాయి. ఆయన వంగి ఒక్కో కట్టను తిప్పి పెడుతున్నాడు. నన్ను చూసి కండువాతో ముఖం తుడుచుకుని, చిన్న కూతురిని పిలిచి మంచినీళ్ళు తెప్పించాడు.

"ఆ జతలు ఒత్తింది నేనే. మీరు సెలవుల ఉన్నప్పుడు," అన్నాను. మీరు అనడం అదే మొదటిసారి. "నేను అన్న మాట తప్పు."

"అవ్ మేడం. తప్పే," అన్నాడు. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

"మళ్ళ రండి. ప్రిన్సిపాల్ సార్‌తోని నేను మాట్లాడత."

"మాట్లాడతరు. కని ఏం పని ఉంటది మేడం? బటన్లు ఏడయినయ్ గద. ఎవరన్న ఒత్తుకుంటరు."

ఏదో ఒకటి మాట్లాడాలని కట్టల వంక చూశాను. అప్పుడు కనిపించింది. ఇరవై కట్టలు, తర్వాత కొంత ఖాళీ. మళ్ళీ ఇరవై కట్టలు, మళ్ళీ అంతే ఖాళీ. కల్లం మొత్తం అలాగే ఉంది.

"ఈ ఖాళీలు ఎందుకు?" అన్నాను.

"ఏదన్న కట్టల ఆకు తక్కువ పడ్డదనుకోన్రి, విప్పి మళ్ళ కట్టాలె. ఎవరన్న ఆలశంగ తెస్తరు. ఆ వరసల పెట్టాలంటె జాగ ఉండాలె గద. లేకుంటె ఒక్క కట్ట కోసం వెనకవన్ని జరపాలె. లెక్కంత ఆగమైతది." చెప్పి, నా ముఖం చూసి ఆగాడు. "మీ సున్నాలు గిట్లనే గద మేడం."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి రోజే. చిన్నప్పటి సంది కల్లంల పెరిగినోణ్ణి, ఆ మాత్రం తెల్వదా?"

"మరి మూడుసార్లు ఎందుకు అడిగిన్రు?"

ఆయన వంగి ఇంకో కట్ట తిప్పి పెట్టాడు.

"మీరు చెప్తరేమోనని," అన్నాడు.